అడ్వాన్సు పంపేముందు

వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు వస్తాయి. దుబాయ్‌లోనో, ఆఫ్రికా తీరంలో ఏదో రేవులోనో గుట్టగా పోసిన అల్యూమినియం తుక్కు. ధర చూస్తే ఇక్కడి మార్కెట్లో పలికే రేటుకంటే బాగా తక్కువ. "ఇరవై శాతం అడ్వాన్సు వేయండి సార్, వారంలో లోడ్ చేయించి పంపిస్తాం" అని కింద ఒక మాట. కొలిమి ఖాళీగా పడి ఉన్న రోజున ఆ మాట ఎంత తీయగా ఉంటుందో చిన్న యూనిట్ నడిపే ప్రతివారికీ తెలుసు.

ఆ డబ్బు పంపేముందు ఈ అధ్యాయం చదవండి. తుక్కు దిగుమతిలో అనుమతి ముందు, సరుకు తర్వాత. ఇంతకుమించి నేను చెప్పబోయేది లేదు. మిగతాదంతా దానికి వివరణే. సరుకు సముద్రం మీద ఉండగా కాగితాల కోసం పరిగెత్తడమంటే, సంబంధం ఖాయం కాకముందే శుభలేఖలు అచ్చు వేయించడమే. ఉచిత గడువు దాటిన రోజునుంచీ షిప్పింగ్ కంపెనీ డిటెన్షన్ వసూలు చేస్తుంది, టెర్మినల్ డెమరేజ్ వేస్తుంది. టన్నుకు కొద్దిపాటి మిగులు మీద నడిచే వ్యాపారం ఇది. ఒక కంటైనర్ రేవులో నెల రోజులు ఆగిందంటే దాని లాభమే కాదు, పక్క కంటైనర్ల లాభం కూడా కరిగిపోతుంది.

ఈ అనుమతి ఒకే కౌంటర్‌లో దొరికే కాగితం కాదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, వ్యాపారులు డీజీఎఫ్‌టీ అని పిలిచే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, కస్టమ్స్, కొన్ని సరుకులకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక్కొక్కటి ఒక్కో వైపు నుంచి మీ కంటైనర్‌ను చూస్తాయి. ఎవరు ఏమి అడుగుతున్నారో, ఎందుకు అడుగుతున్నారో తెలిస్తే ఏ ఫారం నింపడానికీ చెయ్యి వణకదు. తెలియనప్పుడు కన్సల్టెంట్ వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి ఇంటికొస్తాం. రేపు తేడా వస్తే నోటీసు మాత్రం సంతకం చేసినవారి పేరుమీదే వస్తుంది. అందుకే ముందు ఆ 'ఎందుకు' దగ్గర కాసేపు ఆగుదాం.

2004 సెప్టెంబరు నెలాఖరున ఢిల్లీ పక్కనున్న ఘజియాబాద్‌లో ఒక ఉక్కు కర్మాగారంలో తుక్కు పేలింది. విదేశాల నుంచి వచ్చిన ఆ ఇనుములో యుద్ధంలో పేలకుండా మిగిలిన షెల్స్ ఉన్నాయి. 10 మంది చనిపోయారు. పొద్దున డ్యూటీకి వెళ్ళినవాళ్ళు వాళ్ళు. తమ ముందున్న గుట్టలో ఏముందో తెలుసుకునే దారి వాళ్ళకు లేదు. తెలుసుకోవలసినవాళ్ళు, అంటే కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు, మధ్యలో తనిఖీ చేయవలసినవాళ్ళు తెలుసుకోలేదు. ఓడ ఎక్కకముందే తుక్కును తనిఖీ చేయించాలన్న కట్టుబాటు ఆ తర్వాతే గట్టిగా బిగిసింది. ఇవాళ మిమ్మల్ని అడిగే పీఎస్‌ఐసీ, అంటే షిప్‌మెంట్‌కు ముందు తనిఖీ సర్టిఫికెట్, ఆ పేలుడును గుర్తుపెట్టుకున్న కాగితం.

పేలేది ఒక రకం ప్రమాదం. కంటికి కనిపించనిది ఇంకో రకం. 1998లో స్పెయిన్ దక్షిణ కొసన ఒక స్టీల్ ప్లాంట్‌లో సీజియం-137 ఉన్న పరికరం తుక్కుతోపాటు కొలిమిలోకి వెళ్ళి కరిగిపోయింది. దాని ఆనవాళ్ళు సరిహద్దులు దాటి వేరే దేశాల గాలి పరీక్షల్లో తేలాయి. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 బయటపడింది. ఆ బటన్లు తయారైన ఉక్కు వెళ్ళింది మన దేశం నుంచే. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో, ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత ప్రయోగశాల యంత్రాన్ని విప్పినప్పుడు అందులోని కోబాల్ట్-60 బయటికొచ్చింది. పలువురు అస్వస్థులయ్యారు, ఒక మనిషి చనిపోయాడు. మాయాపురి సరుకు దిగుమతిది కాదు, ఊళ్ళోదే. కానీ దాన్ని విప్పిన చేతుల్లాంటి చేతులే మీ యార్డులోనూ పనిచేస్తున్నాయి. ఫారంలో 'రేడియోధార్మిక పదార్థం లేదు' అన్న వాక్యం కింద సంతకం పెట్టేటప్పుడు ఆ చేతులు గుర్తుకు రావాలి.

ఇక పనిలోకి వద్దాం.

మొదటి ప్రశ్న సరుకు గురించి కాదు, మీ గురించి. మీరు స్వయంగా కరిగించి వాడుకునేవారా, కొని అమ్మేవారా? 2016 ఏప్రిల్‌లో వచ్చిన ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ తేడా మీదే నిలబడ్డాయి. స్వయంగా వాడుకునే యూనిట్ అయితే నీటి చట్టం 1974, గాలి చట్టం 1981 కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్‌ఓ, అంటే యూనిట్ నడపడానికి అనుమతి, చెల్లుబాటులో ఉండాలి. కొత్తగా పెట్టేవారు దానికంటే ముందు సీఎఫ్‌ఈ, అంటే స్థాపించడానికి అనుమతి, తీసుకోవాలి. వ్యాపారి అయితే స్వయంగా వాడుకునే యూనిట్ల తరఫున మాత్రమే తెప్పించగలరు. అందుకు రాష్ట్ర మండలి నుంచి ఒకసారి తీసుకునే అధికార పత్రం కావాలి, దానికి ఫారం 7లో దరఖాస్తు చేస్తారు. పారేయడానికో, పూడ్చిపెట్టడానికో విదేశీ వ్యర్థాలను తెప్పించడం మన దేశంలో నిషేధం. రీసైక్లింగ్‌కో, తిరిగి వాడుకోవడానికో, అందులోని లోహాన్ని రాబట్టుకోవడానికో అయితేనే తెప్పించుకోనిస్తారు.

నెలకు ఒకటి రెండు కంటైనర్లకు మించి అవసరం లేని యూనిట్‌కు నా సలహా: మొదటి ఏడాది మీరే దిగుమతిదారు కావాలని పంతం పట్టకండి. అధికార పత్రం ఉన్న వ్యాపారి ద్వారా తెప్పించుకుంటూ, ఆయన దాఖలు చేసే ప్రతి కాగితం నకలు అడిగి తీసుకుని మీ దగ్గర ఫైలు కట్టండి. ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో, ఎవరు ఏమి అడుగుతారో మీ డబ్బు ఇరుక్కోకుండానే నేర్చుకుంటారు. పేరు మీది కాలేదన్న చిన్నతనం ఇందులో ఏమీ లేదు.

సొంతంగానే చేద్దామనుకున్నవారు ఇవాళే సీఎఫ్‌ఓ తీసి ఉత్పత్తుల పట్టిక చూడండి. విజయనగరం దగ్గర మీకొక అల్యూమినియం కడ్డీల యూనిట్ ఉందనుకుందాం. పట్టికలో 'అల్యూమినియం ఇంగాట్స్, రోజుకు ఇన్ని టన్నులు' అని ఉంటుంది. ముడిసరుకుగా తుక్కు అన్న మాట మీ దరఖాస్తులో, అనుమతిలో ఉందా? మీరు తెప్పించబోయే పరిమాణం ఆ సామర్థ్యానికి లోబడి ఉందా? రోజుకు రెండు టన్నులు కరిగించే అనుమతి పెట్టుకుని నెలకు వంద టన్నులకు ఒప్పందం రాసుకుంటే, మిగిలింది ఎవరికి అమ్ముతున్నావని అధికారి అడుగుతాడు. అడగడమే న్యాయం. పట్టికలో తేడా ఉంటే ముందు దాన్ని సవరించుకోండి. ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళి నోటిమాటగా అడిగి వచ్చేయకుండా, ప్రశ్నను రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. మనలో చాలామందికి ప్రభుత్వ ఆఫీసు గుమ్మం ఎక్కాలంటేనే జంకు. ప్రశ్న కాగితం మీదికి ఎక్కితే ఆ జంకు సగం పోతుంది. ఎదుటివారు కూడా నింపాదిగా చదివి జవాబిస్తారు.

రెండో ప్రశ్న సరుకు గురించి: ఇది ఏ తుక్కు? 'అల్యూమినియం', 'రాగి' అంటే సరిపోదు. ఈ వ్యాపారంలో అమెరికా రీసైక్లింగ్ సంఘం పెట్టిన పేర్లు ప్రపంచమంతా చెల్లుతాయి. వాటిని అందరూ ఇస్రీ కోడ్‌లు అంటారు. ఆ సంఘం పేరు 2024లో మారింది గానీ కోడ్‌లు అవే. హనీ అంటే పసుపు ఇత్తడి తుక్కు. బార్లీ అంటే తొడుగు లేని మెరిసే రాగి తీగ. టెన్స్ అంటే కలగలుపు అల్యూమినియం పోత సామాను. జోర్బా అంటే ముక్కలు చేసిన నాన్‌ఫెర్రస్ లోహాల మిశ్రమం, అందులో ఎక్కువ భాగం అల్యూమినియం. డ్రూయిడ్ అంటే ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగ. రెయిన్స్ అంటే యాసిడ్ వంపేసిన పాత లెడ్ బ్యాటరీలు.

ఈ పేర్లు బట్టీ పట్టడం గొప్ప కోసం కాదు. పేరు మారితే దారే మారిపోతుంది. శుభ్రమైన, పొడిగా రాలిపోని లోహపు తుక్కు, అంటే ఇనుము, ఉక్కు, రాగి, అల్యూమినియం, జింక్, నికెల్ వంటివి 2016 నియమాల మూడో షెడ్యూలులో 'డి' భాగం కింద వస్తాయి. వీటికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ విడిగా అనుమతి ఇవ్వనక్కర్లేదు. పాత లెడ్ బ్యాటరీలు మాత్రం అదే షెడ్యూలులో 'ఎ' భాగం. వాటికి ఫారం 5లో మంత్రిత్వ శాఖకు దరఖాస్తు పెట్టాలి, ఎగుమతి చేసే దేశం ముందస్తు సమ్మతి కావాలి. ఈ ముందస్తు సమ్మతి పద్ధతి, ప్రమాదకర వ్యర్థాలను దేశాల మధ్య తరలించడంపై మన దేశం 1992లో ఆమోదించిన బాసెల్ ఒప్పందం నుంచి వచ్చింది. డ్రూయిడ్ లాంటి తొడుగున్న తీగ నాలుగో షెడ్యూలు జాబితాలో ఉంది కాబట్టి, దాన్ని రీసైకిల్ చేసే యూనిట్‌కు ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద అధికార పత్రం ఉండాలి. ఆ ప్లాస్టిక్‌ను ఆరుబయట తగలబెట్టి రాగి తీసే పద్ధతి ఎందరి ఊపిరితిత్తుల్ని పాడుచేసిందో అలా తగలబెట్టే వీధుల్లో ఉన్నవాళ్ళను అడగండి. అమ్మేవాడు 'రాగి తుక్కు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, 'బార్లీయా, డ్రూయిడా?' అని తిరిగి అడగడం మీ బాధ్యత. జవాబు రాతలో రావాలి.

'డి' భాగం సరుకుకు కస్టమ్స్ దగ్గర చూపవలసిన కాగితాలు ఎనిమిదో షెడ్యూలులో ఉన్నాయి: నింపిన ఫారం 6, అవసరమైన చోట డీజీఎఫ్‌టీ లైసెన్స్, పీఎస్‌ఐసీ, చెల్లుబాటులో ఉన్న సీఎఫ్‌ఓ లేదా వ్యాపారి అధికార పత్రం, తుక్కు రసాయన విశ్లేషణ నివేదిక, మండలికి దాఖలు చేసిన వార్షిక రిటర్ను అందినట్టు నకలు. వీటితోపాటు ఏ దిగుమతికైనా తప్పనిసరైన ఐఈసీ, అంటే దిగుమతి ఎగుమతి కోడ్, ఉంటుంది. పాన్ నంబరు మీద ఆన్‌లైన్‌లో 500 రూపాయల రుసుముతో తీసుకోవచ్చు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్‌లోపు దాన్ని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి, మార్పులేవీ లేకపోయినా సరే. మరచిపోతే కోడ్ నిలిచిపోతుంది. రాగి, అల్యూమినియం దిగుమతులకు 2021 నుంచి సరుకు రాకముందే ఒక పర్యవేక్షణ పోర్టల్‌లో నమోదు కూడా ఉంది. ఆ నంబరు బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటనలో, వేయాలి. ఈ ఆన్‌లైన్ నమోదులు చిన్న పనులే.

పీఎస్‌ఐసీ చిన్న పని కాదు. దీన్ని మీరు పోస్టు చేసి తెప్పించుకోలేరు. డీజీఎఫ్‌టీ గుర్తించిన తనిఖీ సంస్థ మనిషి లోడింగ్ జరిగే చోటికి వెళ్ళి చూసి ఇవ్వాలి. తుక్కులో ఆయుధాలు, మందుగుండు, మైన్లు, షెల్స్, తూటాలు వాడినవైనా వాడనివైనా లేవనీ, రేడియేషన్ సహజ స్థాయికి మించి లేదనీ అందులో రాస్తారు. ఆ సంస్థ గుర్తింపు చెల్లుతోందో లేదో, ఆ దేశంలో తనిఖీ చేసే అధికారం దానికి ఉందో లేదో డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో మీరే చూడాలి. అమ్మేవాడు "మా వాడే చేస్తాడు సార్, ఎప్పుడూ చేసేదే" అంటే అక్కడే ఆగండి. దీనికి జోడుగా, సరుకులో పేలుడు పదార్థాలు గాని రేడియోధార్మిక పదార్థాలు గాని ఉండవని మీకూ అమ్మేవారికీ మధ్య ఒప్పందంలోనే ఒక షరతు ఉండాలి. వాట్సాప్‌లో కుదిరిన బేరానికి ఈ షరతు ఎక్కడినుంచి వస్తుంది? అందుకే ఒప్పందం కాగితం మీద ఉండాలంటున్నాను. మరొకటి: ముక్కలు చేయని తుక్కు నిర్దేశించిన రేవుల్లోనే దిగాలి. విశాఖపట్నం ఆ జాబితాలో ఉంది, చెన్నై ఉంది. మీ ఊరికి దగ్గరని ఇంకో రేవు ఎంచుకునేముందు ఆ తేదీకి జాబితా చూసుకోండి.

ఇప్పుడు అడ్వాన్సు మాట. కాగితాలు వరసలో పడ్డాక కూడా మొత్తం ఒకేసారి పంపకండి. ఒప్పందంలో చెల్లింపును పీఎస్‌ఐసీకి ముడిపెట్టండి: పీఎస్‌ఐసీ ప్రతి, లోడింగ్ ఫోటోలు చూశాకే తర్వాతి వాయిదా. ఈ షరతుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ధర ఎంత తక్కువైనా కొనకపోవడమే మేలు.

పీఎస్‌ఐసీ ప్రతి వచ్చాక టేబుల్ మీద మూడు కాగితాలు పక్కపక్కన పరచండి: పీఎస్‌ఐసీ, బిల్ ఆఫ్ లేడింగ్ (షిప్పింగ్ కంపెనీ ఇచ్చే సరుకు రశీదు), ప్యాకింగ్ లిస్టు. స్కేలు ఒకటి తీసుకోండి. కంటైనర్ నంబరులో 4 అక్షరాలు, 7 అంకెలు ఉంటాయి. చివరి అంకె మిగతావాటిని లెక్కగట్టి వేసే సరిచూపు అంకె, కాబట్టి ఒక్క అంకె తారుమారైనా లెక్క తప్పుతుంది. మూడు కాగితాల మీదా ఆ 11 స్థానాలు ఒక్కొక్కటిగా స్కేలు జరుపుతూ చదవండి. తర్వాత సీల్ నంబరు. ఆ తర్వాత బరువు, ఆపైన సరుకు వర్ణన. పీఎస్‌ఐసీ మీద ఒక సీల్ నంబరు, బిల్ ఆఫ్ లేడింగ్ మీద మరొకటి ఉంటే, తనిఖీ అయ్యాక కంటైనర్ తలుపు మళ్ళీ తెరిచారా అన్న అనుమానం కస్టమ్స్‌కు వస్తుంది. నాకైతే అది సరైన అనుమానమే. టైపింగ్ పొరపాటే అయినా ఓడ బయల్దేరకముందు దిద్దించుకోవడం ఒక ఈమెయిల్ పని, బయల్దేరాక తల ప్రాణం తోకకొస్తుంది. ఈ చదివే పని మీరే చేయండి. గుమాస్తా చేసినా మీరు మళ్ళీ చేయండి.

ఫారం 6 మూవ్‌మెంట్ పత్రం. ఎగుమతిదారు దగ్గర మొదలై, రవాణా దాటుకుంటూ, చివరికి మీ గేటు దగ్గర మీ సంతకంతో ముగుస్తుంది. వ్యర్థం వర్ణన, బాసెల్ సంఖ్య, పరిమాణం, భౌతిక స్థితి, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి అన్నీ అందులో ఉంటాయి. చివరి భాగం, అంటే అందుకున్నట్టు మీరు నింపే భాగం, ఖాళీగా వదిలేసేవాళ్ళు చాలామంది. సరుకు వచ్చేసింది కదా అన్న ధీమా. తర్వాతి ఏడాది ఎవరైనా ఆ తుక్కు ఎక్కడికి పోయిందని అడిగితే, మీ యూనిట్‌కే చేరిందని చెప్పేది ఆ భాగమే.

ఏదీ కుదరక, సరుకు నియమాలకు విరుద్ధమని తేలితే ఏమవుతుంది? అలాంటి వ్యర్థాన్ని దేశానికి చేరిన 90 రోజుల్లోగా దిగుమతిదారు తన ఖర్చుతో వెనక్కి పంపాలని 2016 నియమాలు చెబుతున్నాయి. పోను కిరాయి, రాను కిరాయి, డెమరేజ్, ఇచ్చిన అడ్వాన్సు అన్నీ మీ నెత్తినే. మరో దేశపు చెత్త మన రేవుల్లో అనాథగా పడి ఉండకూడదని పెట్టిన నియమం ఇది. కఠినమే, ఉండవలసిందే.

ఇంత శ్రమ దేనికన్న ప్రశ్న మీకు రావచ్చు. ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే తుక్కు నుంచి అదే లోహం తయారవుతుంది. ఈ పని దేశానికి కావాలి, భూమికి కావాలి. అందుకే దీన్ని చాటుగా, అడ్డదారిలో చేయాల్సిన అవసరం మీకు లేదు. మున్ముందు కాగితాల బరువు ఇంకా పెరుగుతుంది. అల్యూమినియం, రాగి, జింక్ తుక్కు విషయంలో ఉత్పత్తిదారుల బాధ్యత నియమాలను 2025లో నోటిఫై చేశారు, 2026 ఏప్రిల్ 1 వాటి అమలు తేదీ. రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. 2024లో అమల్లోకొచ్చిన యూరోపియన్ యూనియన్ కొత్త నియమాల ప్రకారం, 2027 మే 21 నుంచి అక్కడి తుక్కు మన వంటి దేశాలకు రావాలంటే మన దేశం వాళ్ళ జాబితాలో ఉండాలి, అందుకునే యూనిట్‌కు స్వతంత్ర ఆడిట్ జరిగి ఉండాలి. ఇవాళ ఫైలు సరిగ్గా కట్టుకున్న యూనిట్‌కు ఆ ఆడిట్ పెద్ద భారం కాదు. గోడ మీది క్యాలెండర్‌లో జూన్ 30 చుట్టూ ఎర్ర సిరాతో గీయండి. ఐఈసీ ధ్రువీకరణకూ, మండలికి పంపే ఫారం 4 వార్షిక రిటర్నుకూ గడువు అదే. మీ సీఎఫ్‌ఓకు ముగింపు తేదీ ఉంటే, దానికి నాలుగైదు నెలల ముందు ఇంకో గీత గీయండి.

అనుమతులన్నీ వచ్చి, కంటైనర్ మీ గేటులోకి వచ్చాక కూడా ఒక తనిఖీ మిగిలి ఉంటుంది. అది మీ చేతిలోది. తలుపు తీసే ముందు చేతి రేడియేషన్ మీటరుతో నాలుగు వైపులా చూడాలి. దింపేటప్పుడు మూతబిగిసిన సిలిండర్లు, షాక్ అబ్జార్బర్లు, లోపల ఏముందో తెలియని గొట్టాలు పక్కన పెట్టించాలి. తడి తుక్కు, నీళ్ళు నిలిచిన డబ్బాలు కరిగిన అల్యూమినియంలో పడితే ఆవిరి పేలుతుంది కాబట్టి వాటిని ఎండబెట్టనిదే కొలిమి దగ్గరికి రానీయకూడదు. ఈ మాటలు దింపే కుర్రాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పండి. వాళ్ళలో ఒడియా, హిందీ తప్ప తెలుగు రానివాళ్ళుంటే ఆ భాష వచ్చిన మేస్త్రీతో చెప్పించండి. మీటరు మోగితే ఎవరూ ఆ కంటైనర్‌ను ముట్టుకోకూడదు, కోయకూడదు, ఏముందోనని తొంగిచూడకూడదు. అందర్నీ దూరంగా పంపి, చుట్టూ తాడు కట్టి, అణుశక్తి నియంత్రణ మండలికీ స్థానిక పోలీసులకూ వెంటనే కబురు చేయాలి. ఆ కంటైనర్ తాలూకు ఫారం 6, పీఎస్‌ఐసీ ప్రతులు ఆఫీసు గదిలో చేతికందే చోట ఉంచండి. వచ్చిన అధికారి మొదట అడిగేవి అవే.